బయటి ప్రపంచం పక్కనే ఉండగా ఆదర్శ సమాజం నిలబడుతుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: తొమ్మిది కుటుంబాలు కలిసి కొంత భూమి కొని, అందరి సంపాదనా ఒకే పెట్టెలో వేసి, ఎక్కువతక్కువలు లేకుండా బతకాలనుకుంటున్నారు. ఇంట్లో పెద్దవాళ్ళేమో అది మూన్నాళ్ళ ముచ్చటే అంటున్నారు. చుట్టూ లోకమంతా డబ్బు మీద నడుస్తుంటే మీ కంచె లోపల మాత్రం వేరేలా ఎలా నడుస్తుందని వాళ్ళ వాదన. అందుకని బయటితో సంబంధాలు వీలైనంత తెంచేసుకుంటేనే నిలబడతామా అని మీ సందేహం.

నిలబడొచ్చు. అందుకు తెంచుకోనక్కర్లేదు. నాకు తెలిసినంతలో ఎక్కువకాలం బతికిన కమ్యూనిటీలు బయటితో రోజూ లావాదేవీలు నడిపినవే. గుమ్మంలోంచి ఏది లోపలికి రావచ్చు, ఏది రాకూడదు, మనిషి వెళ్ళిపోయేటప్పుడు ఏం పట్టుకెళ్ళాలి అన్నది వాళ్ళు ముందే కూర్చుని తేల్చుకున్నారు. అది తేల్చుకోనివాళ్ళకే కష్టాలు వచ్చాయి.

నేను అలాంటి ఒక కమ్యూనిటీలో 14 ఏళ్ళు ఉన్నాను. అందులో 11 ఏళ్ళు లెక్కలు రాశాను. ఆ తర్వాత గొడవలొచ్చిన ఇలాంటి చోట్ల వాళ్ళు పిలిస్తే వెళ్ళి, పుస్తకాలు ముందేసుకుని అందరితో కూర్చోవడం నా పని అయింది. అందువల్ల ఈ సమాధానంలో ఆశయాల కంటే డబ్బు సంగతులే ఎక్కువ కనిపిస్తాయి.

హట్టరైట్లతో మొదలుపెడతాను, ఎందుకంటే మీ పెద్దవాళ్ళకి చెప్పడానికి వీళ్ళకంటే మంచి ఉదాహరణ లేదు. 16వ శతాబ్దంలో యూరప్‌లో మొదలైన క్రైస్తవ శాఖ ఇది. వాళ్ళ నాయకుడు జేకబ్ హట్టర్‌ని 1536లో చంపేశారు. తరిమినప్పుడల్లా దేశం మారుతూ 1870లలో ఉత్తర అమెరికా చేరారు. ఇప్పుడు కెనడా, అమెరికాల్లో దాదాపు 500 కాలనీలున్నాయి. సొంత ఆస్తి లేదు, జీతం లేదు. అయినా వాళ్ళ పొలాల్లో తిరిగే హార్వెస్టర్లు పక్క రైతుల యంత్రాలకు ఏమాత్రం తీసిపోవు. పంట మార్కెట్లో అమ్ముతారు, యంత్రాల ధర దగ్గర గట్టిగా బేరమాడతారు. టీవీని మాత్రం ఇంట్లోకి రానివ్వకపోవడం వాళ్ళ సంప్రదాయం. పని చేసిపెట్టేది లోపలికి వస్తుంది, మనసుని బయటికి లాగేది రాదు. ఆ గీత సరైనచోట గీశారా లేదా అన్నది వేరే సంగతి. గీత ఎక్కడుందో మాత్రం కాలనీలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. అమిష్ అనే మరో క్రైస్తవ శాఖ కుటుంబాలు కూడా ఇంతే. చాలాచోట్ల ఫోన్ ఉంటుంది, కాకపోతే ఇంట్లో ఉండదు, రోడ్డు పక్కన చిన్న గదిలో నాలుగైదు ఇళ్ళకి కలిపి ఉంటుంది. అవసరమైతే నడిచి వెళ్ళి మాట్లాడి రావాలి.

హట్టరైట్ల దగ్గర నన్ను ఎక్కువగా కదిలించింది వాళ్ళు విడిపోయే తీరు. కాలనీలో జనం సుమారు 150కి చేరేసరికి రెండుగా చీలతారు. ఆ రోజు కోసం ఏళ్ళ ముందు నుంచే డబ్బు కూడబెట్టి, కొత్త భూమి కొని, కట్టడాలు మొదలుపెడతారు. కొన్ని కాలనీల్లో కుటుంబాలను రెండు జాబితాలుగా రాసి, అందరూ సామాన్లు సర్దుకున్నాక చీటీ తీస్తారు. ఏ జాబితా వస్తే వాళ్ళు కొత్త చోటికి బయలుదేరతారు, మిగతావాళ్ళు మూటలు విప్పుకుంటారు. ఏ సగం ఎవరికొస్తుందో తెలియదు కాబట్టి పంపకంలో మోసానికి చోటుండదు. గొడవపడి విడిపోయిన కమ్యూనిటీల పుస్తకాలు చూసి చూసి ఉన్నాను కనుక, ఆ చీటీ విలువేంటో నాకు బాగా తెలుసు.

ఇక బయటి ప్రపంచమే అడ్డు అనే వాదనకి నా జవాబు ఒకే ఊరి కథ. అమెరికాలోని ఇండియానాలో, జర్మనీ నుంచి వచ్చిన క్రైస్తవ బోధకుడు జార్జ్ రాప్ అనుచరులు 1814లో హార్మనీ అనే ఊరు కట్టారు. ఉమ్మడి ఆస్తి, ఉమ్మడి పని. తయారుచేసిన సరుకుని నది మీద దూరప్రాంతాలకు పంపి అమ్మారు, సంపన్నులయ్యారు. పదేళ్ళకి పెన్సిల్వేనియాకి తిరిగి వెళ్ళిపోతూ ఆ ఊరిని రాబర్ట్ ఓవెన్‌కి అమ్మేశారు. ఓవెన్ పేరున్న మిల్లు యజమాని, మంచి మనసున్నవాడు. 1825లో న్యూ హార్మనీ అని పేరు పెట్టి, రమ్మని అందర్నీ పిలిచాడు. ఎవరు వస్తున్నారో, ఏం పని వచ్చో చూసినవాళ్ళు లేరు. నిబంధనల పత్రం ఒకదాని తర్వాత ఒకటి మారింది. ఓవెన్ ఎక్కువకాలం ఊళ్ళోనే లేడు. 1827కల్లా ప్రయోగం ముగిసింది. అదే నేల, అవే భవనాలు, చుట్టూ అదే ప్రపంచం. ఒకరు పదేళ్ళలో ధనవంతులయ్యారు, ఇంకొకరు రెండేళ్ళు నిలవలేకపోయారు.

మతం ఉంటేనే నిలుస్తాయా అని మీలో ఎవరో ఒకరు అడుగుతారు. రిచర్డ్ సోసిస్ అనే మానవశాస్త్రవేత్త 19వ శతాబ్దపు అమెరికన్ కమ్యూన్‌లను 200 దాకా తీసుకుని చూస్తే, మతపరమైనవే ఎక్కువకాలం బతికాయి. తర్వాత మరొకరితో కలిసి చేసిన పనిలో, కఠినమైన కట్టుబాట్లు మతపరమైన వాటికి ఆయుష్షు పెంచాయనీ, మతంతో సంబంధం లేనివాటికి ఆ మేలు జరగలేదనీ తేలింది. మీది మతంతో సంబంధం లేని ప్రయత్నం కాబట్టి ఇది గుర్తుంచుకోండి. నియమాలు పెంచుకుంటూ పోతే అవే మిమ్మల్ని కలిపి ఉంచుతాయనుకోవద్దు. ప్రతి నియమానికీ కారణం అందరికీ ఒప్పుదల కావాలి, లేకపోతే అది ఉత్త చికాకు అవుతుంది.

ఇప్పుడు డబ్బు. మా దగ్గర జరిగింది చెప్తాను. వంటగది గుమ్మం పక్కన మేకుకి ఒక నోట్‌బుక్ వేలాడేది. బయటికి వెళ్ళేవాళ్ళు ఉమ్మడి పెట్టెలోంచి తీసుకున్నది అందులో రాయాలి, మిగిలింది తెచ్చి రాయాలి. ఆ పుస్తకం మీద మాకు చాలా గర్వం. పైసా తేడా వచ్చేది కాదు. ఐదో ఏటో, ఆరో ఏటో, సాయంత్రం మీటింగ్‌లో తొమ్మిదేళ్ళ పిల్లాడు లేచి, "వాళ్ళకి కొత్త బూట్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి?" అని అడిగాడు. మా వడ్రంగి కూతురి కాళ్ళకి మెరిసిపోయే బూట్లున్నాయి. మిగతా పిల్లలవి అతుకులేసినవి. గదిలో చప్పుడు లేదు. ఆ వడ్రంగి తల వంచుకుని, ప్రతినెలా అక్క డబ్బు పంపుతోందని చెప్పాడు. రెండేళ్ళ నుంచి.

ఆయన దొంగతనం చేయలేదు. అక్క ప్రేమగా పంపింది, ఆయన కూతురికి కొన్నాడు. అలాంటి డబ్బు గురించి మేం ఎప్పుడూ మాట్లాడుకోలేదు, అంతే. ఆ రాత్రి ఒక్కొక్కరూ చెప్పుకుంటూ పోతే, 31 మంది పెద్దవాళ్ళలో 12 మందికి బయట నుంచి ఏదో ఒకటి వస్తోందని తేలింది. మేకుకి వేలాడే పుస్తకంలో ఒక్క అక్షరం లేదు. లెక్కలు రాసేది నేనే కాబట్టి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత పెట్టుకున్న నియమం సింపుల్. బయటి బహుమతి రావచ్చు, కానీ వచ్చిందని పుస్తకంలో రాయాలి. ఒక మేర దాటితే సగం ఉమ్మడికి. వడ్రంగి అక్కే నవ్వి, ఆ నెల నుంచి పిల్లలందరికీ కలిపి పంపడం మొదలుపెట్టింది. అమెరికాలోని వర్జీనియాలో 1967 నుంచి నడుస్తున్న ట్విన్ ఓక్స్ అనే కమ్యూనిటీలో ఇంకా స్పష్టమైన పద్ధతి ఉంది. చేరక ముందున్న ఆస్తి సభ్యుడిదే, కానీ అక్కడ ఉన్నంతకాలం దాన్ని తీసి వాడుకోకూడదు. అక్కడ వంద మంది దాకా ఉంటారు. ఆదాయం ఉమ్మడిది, పని గంటల్లో లెక్కిస్తారు. వంట చేసినా, పిల్లల్ని చూసుకున్నా, ఫ్యాక్టరీ షెడ్డులో కూర్చున్నా గంట గంటే.

ట్విన్ ఓక్స్‌నే ఇంకో పాఠానికి కూడా చూడండి. వాళ్ళ ఊయల పడకలకి చాలా ఏళ్ళపాటు ఒకే పెద్ద దుకాణాల సంస్థ ముఖ్యమైన కొనుగోలుదారు. 2000ల మధ్యలో ఆ సంస్థ కొనడం మానేసింది. వాళ్ళు తట్టుకున్నారు, ఎందుకంటే ఇతర వ్యాపారాలు కూడా ఉన్నాయి. అందరూ తట్టుకోలేరు. బయటి ప్రపంచంతో ఒకే తాడు కట్టుకున్నవాళ్ళని నేను చాలామందిని చూశాను. ఒకే కొనుగోలుదారు, లేదా ఒకే దాత, లేదా బయట ఉద్యోగం చేసే ఒకే సభ్యుడి జీతం. ఆ ఒక్కడూ లోపలి సమానత్వాన్ని మాట్లాడకుండానే చెడగొడతాడు, అతనికి ఆ ఉద్దేశం లేకపోయినా. మీటింగ్‌లో అతను దగ్గితే అందరూ ఆగి వింటారు.

బీమా చేయించండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. మసాచుసెట్స్‌లో 1841లో మొదలైన బ్రూక్ ఫార్మ్ 1846లో పెద్ద భవనం కడుతుండగా అది కాలిపోయింది, బీమా లేదు, మరుసటి ఏడాదికి కమ్యూనిటీయే లేదు. ఐయోవాలో ఉమ్మడి ఆస్తితో నడిచిన అమానా ఊళ్ళలో 1923లో మిల్లులు కాలిపోయాయి. అక్కడా బీమా లేదు. పరస్పరం ఆదుకుంటాం కదా, బయటి కంపెనీతో పనేంటి అనే ధైర్యం నాకు అర్థమవుతుంది, మాకూ ఉండేది. కానీ అందరి ఇల్లూ ఒకేసారి తగలబడితే ఎవరు ఎవర్ని ఆదుకుంటారు?

వెళ్ళిపోయేవాళ్ళ సంగతి చేరకముందే రాసుకోండి. నా మాటల్లో ఒక్కటే గుర్తు పెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి. మాలో ఒకామెకి తండ్రి పోయాక ఇంటి వాటా వచ్చింది. మొత్తం తెచ్చి ఉమ్మడిలో వేసింది. అందరం చప్పట్లు కొట్టాం, ఒక్క కాగితం రాయలేదు. మూడేళ్ళ తర్వాత ఆమె తల్లికి జబ్బు చేసింది, వెళ్ళి దగ్గరుండి చూసుకోవాలి. నా డబ్బు కొంతైనా ఇస్తారా అని అడిగింది. ఆ డబ్బు అప్పటికే వర్క్‌షాప్ పైకప్పు అయిపోయింది. ఇద్దామంటే లేదు, ఇవ్వకపోతే మనుషులం కాదు. కొంతమంది "ఇచ్చింది ఇచ్చిందే" అన్నారు. మరికొంతమంది పైకప్పు వైపు చూసి కళ్ళు తుడుచుకున్నారు. ఆ నెలలో పడ్డంత టెన్షన్ మేం కరువులో కూడా పడలేదు. చివరికి ఆరేళ్ళ వాయిదాల్లో మూడింట రెండు వంతులు ఇచ్చాం. నలుగురు ఆ నిర్ణయం నచ్చక వెళ్ళిపోయారు.

ఇందాకటి రాప్ అనుచరులు దీన్ని ఇంకోలా చేశారు. ఎవరు ఎంత తెచ్చారో రాసిన పుస్తకాన్ని 1818లో అందరి ఒప్పుదలతో కాల్చేశారు. వెళ్ళిపోయేవాళ్ళకి తిరిగిచ్చే షరతుని 1836లో రద్దు చేశారు. తర్వాత ఒక మాజీ సభ్యుడు వాటా కోసం వేసిన కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆయన సంతకం చేసిన కాగితాలున్నాయి కాబట్టి 1856లో కోర్టు సొసైటీ పక్షానే తీర్పిచ్చింది. గెలిచారు. అయినా నేనైతే ఆ పుస్తకాన్ని కాల్చను. వెళ్ళడానికి దారి లేనివాడు ఉండిపోతాడు, నిజమే, కానీ మనసు లేకుండా ఉంటాడు. అలాంటివాళ్ళు ముగ్గురుంటే చాలు, మీటింగ్‌లన్నీ పాడైపోతాయి. మరోవైపు, వెళ్తే పెద్దమొత్తం చేతికొస్తుందంటే పని బాగా వచ్చినవాళ్ళే ముందు లేస్తారు. ఇజ్రాయెల్ కిబ్బుట్జ్‌ల (ఉమ్మడి ఆస్తితో మొదలైన పల్లెలు) మీద ఆర్థికవేత్త రాన్ అబ్రమిట్జ్‌కీ చేసిన పరిశోధనలో అదే కనిపించింది. చదువు, నైపుణ్యం ఎక్కువున్నవాళ్ళు బయటికెళ్ళే అవకాశం ఎక్కువ. మధ్యేమార్గం మీ తొమ్మిది కుటుంబాలే వెతుక్కోవాలి. నా సలహా ఏంటంటే, పెట్టిన మూలధనంలో ఒక నిర్ణీత భాగం, నిర్ణీత ఏళ్ళలో, వాయిదాల్లో. సంఖ్యలు మీ ఇష్టం, అవి రాసి మాత్రం ఉండాలి.

కిబ్బుట్జ్‌ల గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే "చివరికి అవీ మారిపోయాయిగా" అని మీకు తప్పకుండా అంటారు. మొదటిది డెగానియా, 1910లో. తర్వాత సుమారు 270 ఏర్పడ్డాయి. ఫ్యాక్టరీలు పెట్టారు. డ్రిప్ ఇరిగేషన్‌ని ప్రపంచానికి అమ్మిన సంస్థ 1965లో ఒక కిబ్బుట్జ్‌లోనే పుట్టింది. అంతా బాగుందనుకున్నప్పుడు అప్పులు చేశారు. ధరలు పిచ్చిగా పెరుగుతున్న కాలంలో అప్పు తేలిగ్గా అనిపించింది. 1985లో ప్రభుత్వం ధరలకి కళ్ళెం వేసేసరికి అప్పు నిజమైన బరువుతో మీద పడింది. తర్వాతి ఇరవై, ముప్ఫై ఏళ్ళలో ఎక్కువభాగం సమాన వాటా వదిలేసి, పనిని బట్టి జీతాలకి మారాయి. కొన్ని ఇప్పటికీ పాత పద్ధతిలోనే ఉన్నాయి. దీన్ని ఓటమి అనాలా? మూడు తరాలు అలా బతికారు. నేను ఓటమి అనను. కానీ బ్యాంకు అప్పు అంటే గుమ్మం తాళంచెవి ఇంకొకరికి ఇవ్వడమే అని ఆ కథ చదివినప్పుడల్లా అనిపిస్తుంది.

పిల్లల విషయం దగ్గర నా దగ్గర కూడా పూర్తి సమాధానం లేదు. న్యూయార్క్ రాష్ట్రంలో 1848లో జాన్ హంఫ్రీ నోయస్ పెట్టిన ఒనైడా అనే కమ్యూనిటీలో సుమారు 300 మంది ఉండేవాళ్ళు. జంతువులు పట్టే బోనులు, పట్టుదారం అమ్మి బాగా సంపాదించారు. తెలివైన పిల్లల్ని యేల్ విశ్వవిద్యాలయానికి పంపారు. నోయస్ సొంత కొడుకే అక్కడ వైద్యం చదివి, తండ్రి నమ్మకాలు పోగొట్టుకుని వచ్చాడు. అందరూ అందరికీ భార్యాభర్తలే అనే వాళ్ళ వివాహ పద్ధతి మీద బయట మతగురువులు ఉద్యమం చేశారు, నిజమే, 1879లో నోయస్ కెనడాకి వెళ్ళిపోయాడు. కానీ లోపలి యువతకి అప్పటికే ఆ పద్ధతి వద్దు. 1881 జనవరి 1న అది వాటాలతో నడిచే జాయింట్ స్టాక్ కంపెనీ అయింది, తర్వాత చెంచాలు, ఫోర్కులకి పేరు పొందింది. షేకర్లు అనే క్రైస్తవ శాఖ కథ దీనికి ఎదురుగా ఉంటుంది. వాళ్ళు బ్రహ్మచారులు, అనాథ పిల్లల్ని పెంచుకుని, కొత్తగా చేరేవాళ్ళ మీద ఆధారపడి, 19వ శతాబ్దం మధ్యలో వేల సంఖ్యకి పెరిగారు. బయట అనాథాశ్రమాలు, ఫ్యాక్టరీ ఉద్యోగాలు వచ్చాక చేరేవాళ్ళు తగ్గిపోయారు. ఇప్పుడు అమెరికాలోని మెయిన్ అనే రాష్ట్రంలో వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే.

మా పిల్లల్ని మేం బయట చదివించాం. 17 మంది వెళ్ళారు, నేను ఉన్నంతలో నలుగురు తిరిగొచ్చారు. ఆ నలుగురే తర్వాత అందరికంటే బాగా నడిపారు, ఎందుకంటే వాళ్ళు చూసి, ఎంచుకుని వచ్చారు. కానీ 17కి నలుగురు సరిపోరు. మీరు బయటివాళ్ళని ఎలా చేర్చుకుంటారో, ఎన్నాళ్ళు పరీక్షాకాలమో ఇప్పుడే ఆలోచించాలి.

పొరుగువాళ్ళు, ప్రభుత్వం. అమెరికాలోని ఒరెగాన్‌లో రజనీష్ (ఓషో) అనుచరులు 1981లో పెట్టిన రజనీష్‌పురం పొరుగు ఊరితో తగువుకి దిగింది. ఆ ప్రాంతపు ఎన్నికని ప్రభావితం చేయడానికి 1984లో కొందరు నాయకులు రెస్టారెంట్లలో ఆహారం కలుషితం చేస్తే 751 మంది జబ్బుపడ్డారు. ఏడాదికే అంతా కూలింది. అది విపరీతమైన ఉదాహరణ, మీకు అలాంటి ముప్పు లేదు. మీరు తెలుసుకోవాల్సింది పుదుచ్చేరి పక్కనున్న ఆరోవిల్ సంగతి. 1968 ఫిబ్రవరి 28న, 124 దేశాల మట్టి తెచ్చి కలిపి మొదలుపెట్టారు. 50,000 మంది కోసం వేసిన ప్రణాళిక అది, ఇప్పుడున్నది మూడు వేల పైచిలుకు. ఎర్రమట్టి బీడుని వాళ్ళు అడవి చేశారు, అది కళ్ళతో చూడాల్సిన పని. 1973లో దాన్ని స్థాపించిన శ్రీమాత పోయాక ఆస్తి, నిర్వహణ ఎవరివన్న వివాదం వచ్చింది. నివాసులు ప్రభుత్వం సాయం కోరారు. 1988లో పార్లమెంటు చట్టం చేసి, ఆస్తుల్ని ఒక ఫౌండేషన్ కిందకి తెచ్చింది. దాని పాలక మండలిని నియమించేది కేంద్రమే. చాలా ఏళ్ళు సాఫీగా సాగింది. 2021 డిసెంబర్‌లో రోడ్డు కోసం బుల్డోజర్లు వచ్చి చెట్లు కొట్టేస్తుంటే, అడ్డుపడిన నివాసులకి ఎవరి మాట చెల్లుతుందో అర్థమైంది. ఆ తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. భూమి ఎవరి పేరు మీద, ఏ రకం సంస్థగా రిజిస్టర్ చేస్తారన్నది మీకు ఇప్పుడు విసుగు పుట్టించే పనిలా ఉంటుంది. మంచి లాయర్ దగ్గర నాలుగు సిట్టింగ్‌లు కూర్చోండి. కోపెన్‌హేగన్‌లోని క్రిస్టియానియా 1971లో ఖాళీ సైనిక బరాకులు ఆక్రమించుకుని మొదలై, 40 ఏళ్ళు నడిచాక 2012లో ఫౌండేషన్ పేరిట భూమి కొనుక్కుంది. అన్నాళ్ళూ ఖాళీ చేయిస్తారేమోనన్న భయంతోనే బతికారు. అక్కడ గంజాయి అమ్మకాన్ని వదిలేస్తే అది ముఠాల చేతికి పోయింది, 2024లో నివాసులే ఆ వీధి రాళ్ళు తవ్వి తీసేశారు.

మీ తొమ్మిది కుటుంబాలకి నేను చెప్పేది: భూమికి అడ్వాన్స్ ఇవ్వకముందు ఒక ఏడాది, ఎవరి ఇళ్ళల్లో వాళ్ళుంటూనే, ఆదాయంలో పదో వంతు ఉమ్మడి పెట్టెలో వేసి నడిపి చూడండి. బహుమతులు, అప్పులు, వారసత్వం అన్నీ పుస్తకంలో రాయండి. ఆ ఏడాదిలో ఒక కుటుంబమైనా తప్పుకుంటుంది. వాళ్ళని ఎలా పంపుతారో, ఆ తర్వాత కూడా వాళ్ళు మీ ఇంటికి వస్తూ పోతూ ఉంటారో లేదో చూసుకోండి. మా పైకప్పు డబ్బు ఇచ్చినామె చివరి వాయిదా తీసుకోవడానికి వచ్చినప్పుడు, నాలుగు రోజులుండి, వాన కారుతున్న చోట రేకు మార్చి వెళ్ళింది.

వెళ్ళిపోయేవాళ్ళ ఒప్పందం చిత్తుప్రతి రాశాక ఇక్కడ పెట్టండి. చదివి, మా అనుభవంలో ఎక్కడ చిక్కులొచ్చాయో ఒక్కో షరతు పక్కన రాస్తాను.